సవరణ: స్టెప్ 10 కాదు, 9

రాత్రిపూట తిరుపతిలో దూరపు మీడియం వేవ్ స్టేషన్లు పట్టడం గురించి మొన్న రాస్తూ, డిజిటల్ రేడియోలో స్టెప్ (స్టేషన్ వెతికేటప్పుడు అంకె ఒక్కోసారి ఎంత జరగాలో చెప్పే సెట్టింగ్) 10 కిలోహెర్ట్జ్‌కి పెట్టుకోమన్నాను. తప్పు రాశాను. 10 అమెరికా ఖండాల లెక్క, మన దగ్గర 9. రేడియోతో వచ్చిన మాన్యువల్‌లోనే ఉంది, నేనే సరిగ్గా చూడలేదు.

ఇన్నాళ్లూ తెలియకపోవడానికి కారణం చెన్నై స్టేషన్. దాని 720 కిలోహెర్ట్జ్ 9, 10 రెండు లెక్కల్లోనూ పడుతుంది కాబట్టి మిద్దె మీద ఖంగుమని వినిపించేది. విజయవాడ 837 మాత్రం 10 లెక్కలో తగలదు, అందుకే 840 దగ్గర గరగరలాడుతూ వచ్చేది. నేనేమో పక్కింటి ఇన్వర్టర్‌ని తిట్టుకున్నాను, పాపం!

నా మాట విని 10 పెట్టుకున్నవాళ్లు 9కి మార్చండి. కొన్ని సెట్లలో స్టెప్ మారిస్తే సేవ్ చేసిన స్టేషన్లన్నీ చెరిగిపోతాయి, ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి.