మూడో ప్రమాద హెచ్చరిక

ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లోవాళ్లు గొడ్లనీ గింజల్నీ గట్టుకి చేర్చుకోవడానికి ఆ మాత్రం వ్యవధి ఉంటుంది. మావాడు మూడో తరగతి చదువుతున్న ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) బడిలో ఈ సదుపాయం లేదు. నేరుగా మూడో హెచ్చరికే. అదీ రాత్రి తొమ్మిదింటికి, పెరుగన్నం కలుపుకుంటూ: "నాన్నా, రేపు ఆనకట్ట మోడల్ తెమ్మన్నారు."

కాటన్ దొరకి 1847 నుంచి 1852 దాకా పట్టింది. నాకు తెల్లారేదాకా గడువు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలూ థర్మకోల్‌తో నిలబెట్టేసరికి కోడి కూసింది. విజ్జేశ్వరం వైపు కాస్త వాలింది. "నువ్వే చేశావా?" అని టీచరుగారు అడిగితే, "కాదండీ, మా నాన్న" అన్నాడు. అబద్ధమాడకూడదని నేర్పిందీ ఆ బడే. నాకు బి గ్రేడు వచ్చింది.

ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం, మరియమాతకి మోక్షారోపణ పండుగ. పొద్దున్నే పూజ, ఆ వెంటనే జెండా. మావాడు గాంధీ. పంచె నాది, చేతికర్ర మా నాన్నగారిది. సెప్టెంబరు 5న టీచర్స్ డే, 8న మరియమాత జన్మదినం, అక్టోబరంతా జపమాల, నవంబరు 14న బాలల దినోత్సవం. మధ్యలో వాయుగుండం పుణ్యమా అని రెండ్రోజులు సెలవిచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పిల్లలు ఏమైపోదురో. చదువంటారా, ఏడో ఎక్కం ఏడు నాలుగుల దగ్గర ఆగింది. మొన్న ఏడైదులు ఎంతరా అంటే స్టెప్పు వేసి చూపించాడు. స్టెప్పు మాత్రం తప్పు పోలేదు.

అందుకని బడి గేటుకి ఒక గేజి కట్టాలని నా ప్రతిపాదన. డైరీలో నోటు రాగానే మొదటి హెచ్చరిక: అట్టలు, జిగురు సేకరించుకోవాలి. రెండోదానికి పంచె ఇస్త్రీ. మూడోది ఎగరేస్తే అమ్మమ్మగారిని కుట్టుమిషనుతో సహా మా ఇంటికి తరలించాలి. తల్లిదండ్రులకి పులిహోర పొట్లాలు పంచితే ఇంకా మంచిది.

ఇదంతా కాగితం మీద పెట్టి హెడ్మిస్ట్రెస్ సిస్టర్‌గారికి ఇచ్చాను. ఆవిడ శ్రద్ధగా చదివారు. "ఎంత బాగా ఆలోచించారండీ! ఇంత ఓపికున్న పేరెంట్ కోసమే చూస్తున్నాం" అన్నారు.

సార్వా నూర్పిళ్లు అయిపోయాయి. క్రిస్మస్ పశువుల పాకకి రెండు మోపుల వరిగడ్డి నేనే మోసుకెళ్లాను. నాటకంలో గొర్రెల కాపరి వేషమూ నాదే. రోజూ సాయంత్రం ఐదింటికి రిహార్సల్. చేతికర్ర నా దగ్గరే ఉంది. నాన్నగారు గోడ పట్టుకుని నడుస్తున్నారు.