రాక్షస టమాటాకు లావు గింజే కావాలా?

ఏటా వసంతం రాగానే, విదేశంలో ఉన్న మన తెలుగువాళ్ళ తోటపని సంఘంలో విత్తనాల పంపకం మొదలవుతుంది. రాక్షస టమాటా (మామూలు కాయకు ఎన్నో రెట్లు పెద్ద కాయ కాసే రకం) పొట్లం విప్పడం ఆలస్యం, ముందొచ్చిన వాళ్ళు లావు గింజలు ఏరుకుపోతారు. వెనకొచ్చిన వాళ్ళకి సన్నగింజలు, వాటితోపాటు బోలెడు దిగులూ మిగులుతాయి. లావు గింజ పెడితేనే పెద్దకాయ కాస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ దిగులు అనవసరమనే నా వాదన.

లావు గింజ వల్ల లాభమే లేదనను. లోపల తిండి ఎక్కువుంటుంది కాబట్టి మొలక బలంగా వస్తుంది, మొదటి ఆకులు కాస్త వెడల్పుగా విచ్చుకుంటాయి. మన గోదావరి డెల్టాలో సార్వా నారు పోసే ముందు, కోడిగుడ్డు తేలేటంత ఉప్పు కలిపిన నీళ్ళలో వడ్లు పోసి తేలిన తాలు తీసేయమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది అందుకే. మునిగిన గింజ నారు దిట్టంగా ఉంటుంది. అంతమాత్రాన 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం బాసుమతిలా పొడుగ్గా పండదు కదా! టమాటాలోనూ అంతే. ఆ తొలి ఊపు నారు తీసి నాటేసరికి చాలావరకు సమసిపోతుంది.

కాయ ఎంత ఊరాలన్నది వేరే లెక్క. ఎఫ్‌డబ్ల్యూ 2.2 అనే జన్యువు పిందె దశలో కణాలు విడిపోయే వేగానికి పగ్గం వేస్తుందని 2000లో కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తేల్చారు. పెద్దకాయ రకాల్లో ఆ పగ్గం వదులుగా ఉంటుంది. కాయలో గదుల సంఖ్యను పెంచే జన్యువులు ఇంకొన్ని ఉన్నాయి. అడవి టమాటాను అడ్డంగా కోస్తే రెండే గదులు. రాక్షస రకాన్ని కోసి చూడండి, లెక్క తెగదు. స్థిరపడిన పాత రకమైతే ఒకే కాయలోని లావు గింజకూ సన్నగింజకూ జన్యువులు దాదాపు ఒకటే. ఒకదానికి తల్లి నుంచి తిండి బాగా అందింది, రెండోదానికి అందలేదు.

2020లో గిన్నిస్‌కెక్కిన కాయ బరువు 4.896 కిలోలు. వాషింగ్టన్ రాష్ట్రం వాలా వాలాలో డాన్ సదర్లాండ్ పండించారు, రకం డొమింగో. ఇలాంటి కాయల వెనక ఉన్న పని గింజ ఏరడం కంటే చాలా పెద్దది. నాలుగైదు పువ్వులు అతుక్కుపోయి ఒకటిగా విచ్చుకున్న పూతను పట్టుకోవాలి. అది పిందె కట్టాక మిగతా పిందెలు తుంచేయాలి (ఇక్కడే మనవాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది). కాయ బరువుకు కాడ విరగకుండా గుడ్డతో ఉయ్యాల కట్టాలి.

గింజ లావు కంటే తల్లి చెట్టు ముఖ్యమన్న సంగతి కోనసీమలో కొబ్బరి మొక్కలు పెంచే పెద్దలకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళు ముందు చూసేది కాయను కాదు, చెట్టును. ఏటా తప్పకుండా కాస్తోందా, గెల కాడ పొట్టిగా బలంగా ఉందా, తల నిండా మట్టలున్నాయా అని తల తిప్పి తిప్పి చూస్తారు. నచ్చితే ముదిరిన గెలను కింద పడేయకుండా తాడు కట్టి దింపుతారు. కాయను చెవి దగ్గర ఊపి నీళ్ళ చప్పుడు వింటారు. ఇంతా చేసి విత్తనానికి తీసేది మధ్యరకం గుండ్రటి కాయనే, గెలలో అన్నిటికన్నా పెద్దదాన్ని కాదు.

మన పొట్లాల మీద మాత్రం "పెద్ద టమాటా" అని రాసి ఉంటుంది. ఏ రకం, తల్లి కాయ ఎంత తూగింది, పక్కన వేరే రకాలున్నాయా, ఏ ఏడు తీశారు అన్నవి ఉండవు. ముఖ్యంగా అది హైబ్రిడ్డా (రెండు రకాలు కలిపి పుట్టించిన సంకరమా) కాదా అన్నది రాయాలి. విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా అంటాం గానీ, హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ పెడితే మొలిచేది అచ్చం అదే కాదు. అక్కడ గింజ ఎంత లావున్నా నమ్మకం లేదు. ఈ వివరాలు లేని పొట్లాన్ని సంఘం బల్ల మీద పెట్టనివ్వకూడదని నా ప్రతిపాదన.

అమలాపురంలోనో రాజోలులోనో ఉన్న అమ్మానాన్నల పెరట్లో వేయిద్దామని సూట్‌కేసులో విత్తనాలు సర్దే వాళ్ళకి ఒక మాట. 2003 నాటి భారత ప్రభుత్వ మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు ఇండియాలోకి తేకూడదు. ఇది వట్టి కాగితాల గోల కాదు. టమాటా వైరస్‌లు కొన్ని గింజ పైపొర మీదే ప్రయాణం చేస్తాయి, గోదావరి లంకల్లో కూరగాయల మీద బతికే రైతులున్నారు. అక్కడ దొరికే పెద్దకాయ రకమే తెప్పించుకోమనండి. రాత్రిళ్ళు చల్లగా లేకపోతే పూత నిలవదు కాబట్టి అక్టోబరుకల్లా నారు పోసేయాలి. తెల్లదోమ వాలి ఆకుముడత తేకుండా నారుమడి మీద సన్నటి వల కప్పమనండి.