రెక్కల్లేని ఫ్లైట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫ్లైట్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నిన్న రాత్రి పదకొండింటికి అంత క్షేమంగా లేను గానీ ఇప్పుడు ఫర్వాలేదు. మీరు కూడా శుభ్రంగా కడిగించుకుని, బార్ కౌంటర్ కింద మీ తోటి పలకల మీద పడుకుని సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి.

తమరెవరో తెలియని పాఠకులు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి ముందు వాళ్లకు పరిచయం చేస్తాను. తమరు మూరెడు పొడుగు చెక్క పలక. తమకు నాలుగు చిల్లులు. చిల్లుకో చిన్న గ్లాసు, గ్లాసుకో 120 మిల్లీలీటర్ల చొప్పున చిన్న బ్రూవరీల్లో, అంటే బీరు కాచే కార్ఖానాల్లో, తయారయ్యే నాలుగు రకాల క్రాఫ్ట్ బీరు. ఈ మొత్తం సరంజామాని బార్లో 'ఫ్లైట్' అంటారు. మొదటిసారి ఆ మాట విని, ఎక్కడికో తీసుకెళ్తారనుకున్నాను. తీసుకెళ్లారు. బాత్రూమ్‌కి, నాలుగుసార్లు.

నిన్న నేను చేసిన తప్పల్లా దాహంతో రావడం. క్రాఫ్ట్ బీర్ బార్‌కి అలా రాకూడదట, కుతూహలంతో రావాలట. లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద నల్లబోర్డు, దాని మీద సుద్దముక్కతో రాసిన ఇరవై రెండు పేర్లు. ప్రతి పేరు పక్కనా రెండేసి అంకెలు. నేను నోరు తెరుచుకుని అవన్నీ చదువుతుంటే, వెంట వచ్చిన మిత్రుడు భుజం తట్టాడు. "ఎందుకురా టెన్షన్? ఫ్లైట్ చెప్పేద్దాం. అన్నీ ఓ చుక్క చూసినట్టుంటుంది." అలా మీరు మా టేబుల్ మీదికి దిగారు. ఏది కావాలో తేల్చుకోలేనివాడి చేత నాలుగు కొనిపించడం మామూలు తెలివి కాదు, ఒప్పుకుంటున్నాను.

ఈ ఇరవై రెండు పేర్లూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో తెలుసుకుంటే మీ మీద కోపం కాస్త తగ్గుతుందేమోనని పొద్దున్నే కూర్చుని చదివాను. 1970ల చివరికి అమెరికా మొత్తం మీద బ్రూవరీ కంపెనీలు వంద కూడా లేవట. అవి పోసేదంతా దాదాపు ఒకే రకం లేత లాగర్ బీరు. ఆ విసుగులోంచే 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో జాక్ మెకాలిఫ్ అనే ఆయన న్యూ ఆల్బియన్ అని ఓ బుల్లి బ్రూవరీ పెట్టాడు. పాల ఫ్యాక్టరీలు పారేసిన పాత సామాను తెచ్చి అతికించుకుని మరీ కాచాడు. 1982కల్లా అది మూతపడింది, అది వేరే సంగతి. 1978లో ఇంట్లో బీరు కాచుకోనిచ్చే చట్టం మీద అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు. ఇంటి గ్యారేజీలో కాచినవాళ్లు కొందరు వీధిలోకొచ్చి బ్రూవరీలు తెరిచారు. ఇప్పుడక్కడ 9 వేలకు పైగా ఉన్నాయి. ఒకే రకం తాగలేక చస్తున్నామన్నవాళ్ల మనవలు ఏది తాగాలో తేలక చస్తున్నారు. ఆ సందులో దూరారు మీరు.

మాటలో మాట, క్రాఫ్ట్ అనిపించుకోవాలంటే బ్రూవరీ 'చిన్నది' అయి ఉండాలి. ఎంత చిన్నది? అక్కడి బ్రూవర్స్ అసోసియేషన్ లెక్కలో ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లు దాటకూడదు. అంటే సుమారు 70 కోట్ల లీటర్లు. ఒకప్పుడు ఆ హద్దు 20 లక్షల బ్యారెళ్లే. ఒక సభ్యుడు బాగా పెరిగి గీత దాకా వచ్చేసరికి, ఆయన్ని బయటికి పంపడం బాగుండదని గీతనే జరిపారు. మీ 120 మిల్లీలీటర్లూ చిన్నవే, ఆ 70 కోట్ల లీటర్లూ చిన్నవే. మనసు పెద్దదైతే సరి.

ఇక నిన్నటి సంగతికొస్తాను. బార్ అమ్మాయి మిమ్మల్ని తెచ్చి పెట్టి, వేలు ఎడమ నుంచి కుడికి జరుపుతూ ఒక్క ఊపిరిలో "పిల్స్‌నర్, వీట్, హేజీ ఐపీఏ, స్టౌట్" అని చెప్పి వెళ్లిపోయింది. తేట లాగర్, గోధుమ బీరు, మబ్బుగా ఉండే చేదు ఇండియా పేల్ ఏల్, నల్ల బీరు అన్నమాట. మీ అంచు మీద సుద్దతో ఆ పేర్లే రాసి ఉన్నాయి గానీ, గ్లాసుల నుంచి కారిన నీళ్లకు సగం అక్షరాలు చెరిగిపోయాయి. నేను చెయ్యి చాపాను. మిత్రుడు మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ముందు ఫొటో."

ఫొటో అయింది.

"ఇప్పుడు వాసన చూడు. గ్లాసు తిప్పు. మళ్లీ చూడు."

"తాగొచ్చా?"

"అప్పుడేనా?"

ఎడమ నుంచి కుడికే వెళ్లాలట. తేలికది ముందు, చేదుది తర్వాత, నల్లది ఆఖరున. కారణం సబబైనదే. చేదు ఒకసారి నాలుక మీద కూర్చుంటే ఓ పట్టాన లేవదు, దాని తర్వాత తేలికపాటి బీరు తాగితే సోడా నీళ్లలా ఉంటుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అయ్యా, వాసన చూడమనే మీరే గ్లాసుల్ని అంచుదాకా నింపించుకుని వస్తారేం? ముక్కు పెట్టడానికి చోటు లేదు, నురగ నిలవడానికి చోటు లేదు. తిప్పమన్నాడని తిప్పితే పిల్స్‌నర్‌లో మూడో వంతు నా చొక్కాకు రుచి చూపించాను.

తర్వాత జరిగిందే ఈ ఉత్తరానికి అసలు కారణం. వీటూ, హేజీ ఐపీఏ రెండూ మబ్బు పట్టినట్టే ఉంటాయి కదా. రంగులో తేడా చూద్దామని రెండింటినీ చిల్లుల్లోంచి తీసి లైటుకు అడ్డంగా పట్టుకున్నాం. తిరిగి పెట్టేటప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు లేదు. నమ్మకంగా పెట్టేశాం. మూడో చిల్లులో ఉన్నది తీసి వాసన చూస్తే నా ముక్కుకు స్పష్టంగా అరటిపండు తగిలింది. అదే చెప్పాను.

మిత్రుడు జాలిగా చూశాడు. "మూడోది ఐపీఏరా. మామిడి రావాలి, నారింజ తొక్క రావాలి. సరిగ్గా చూడు."

సరిగ్గా చూశాను. ఒట్టేసి చెబుతున్నా, మామిడి వచ్చింది! రెండో సారికి నారింజ తొక్క కూడా వచ్చింది. మిత్రుడు గ్లాసు లాక్కుని ఓ గుటక వేసి, కళ్లు మూసుకుని, "ఆఖర్న మెత్తటి చేదు" అన్నాడు. ఫోన్ తీసి, బీర్లకు మార్కులు వేసే యాప్‌లో హేజీ ఐపీఏకు 5కి 4.25 మార్కులు వేసి, కింద నాలుగు వాక్యాలు రాశాడు. అప్పుడే అటుగా వెళ్తున్న బార్ అమ్మాయి ఆ గ్లాసు వంక ఓ క్షణం చూసి, "సర్, అది వీట్ అండీ. ఐపీఏ ఇదిగో, ఇటు పెట్టారు" అంది.

ఆ అమ్మాయి వెళ్లాక కాసేపు మేమిద్దరం మీ చెక్క మీది చారలు లెక్కపెట్టాం.

నా పరువుకు ఒక్కటే ఊరట. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి ఒక పరిశోధన అచ్చయింది. వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎక్కువగా ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. చదువుకున్నవాళ్ల ముక్కే కంటి మాట వింటే, నా ముక్కు మిత్రుడి మాట వినడంలో వింతేముంది?

పైగా మొదట అరటిపండు అన్నది నేనే, అదే కరెక్టు. జర్మనీలోని బవేరియా పద్ధతి వీట్ బీరులో ఆ వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థానిది. పండూ లేదు, గెలా లేదు. పులియబెట్టే ఈస్టు పనిలో పనిగా దాన్ని తయారుచేస్తుంది, లవంగం వాసన కూడా ఆ ఈస్టు చలవే. ఈ సంగతి తెలియక నేను ఆ అమ్మాయిని "పీపాకు ఎన్ని పళ్లు వేస్తారండీ?" అని అడిగాను. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఈస్టుకు అన్యాయం నేనొక్కణ్ణే చేయలేదు లెండి. బీరులో బార్లీ, హాప్స్ (చేదు కోసం వేసే ఒక తీగ పూలు), నీళ్లు తప్ప మరేమీ వేయకూడదని బవేరియా ప్రభువులు 1516లో ఉత్తర్వు ఇచ్చారు. అందులో ఈస్టు పేరే లేదు. అసలు పనంతా చేసేది అదేనని అప్పటికి ఎవరికీ తెలియదు. గోధుమ కూడా లేదు, అది రొట్టెలకు మిగలాలి కాబట్టి. తర్వాత 1602లో గోధుమ బీరు కాచే గుత్తహక్కు ఆ ప్రభువుల వంశం చేతికే వచ్చింది. జనానికి నిషేధం, దొరకు ఆదాయం. ఇవాళ్టికీ ఆ ఉత్తర్వు పేరు చెప్పి బీరు అమ్ముకునేవాళ్లున్నారు.

ఐపీఏ దగ్గర ఎక్కువసేపు ఆగను. పేరులో ఇండియా ఉంది కదా అని చుట్టరికం కలుపుకుని నోట్లో పోసుకున్నాను. ప్రతి టేబుల్ దగ్గరా చెప్పే కథే మిత్రుడూ చెప్పాడు. ఇండియాకు నెలల తరబడి ఓడ ప్రయాణంలో మామూలు బీరు పాడైపోతుంటే, లండన్‌లో హాడ్జ్‌సన్ అనే బ్రూవర్ హాప్స్ దట్టించి ఈ రకాన్ని కనిపెట్టాడని. కథ బాగానే ఉంది. కానీ నల్లటి పోర్టర్ బీరు కూడా అవే ఓడల్లో ఎక్కి నిక్షేపంగా దిగేది. హాడ్జ్‌సన్ గొప్పతనం ఆయన బ్రూవరీ ఈస్టిండియా ఓడల రేవుకు దగ్గర్లో ఉండటం, కెప్టెన్లకు నెలల తరబడి అరువివ్వడం. అరువు మీద నిలబడ్డ కీర్తిని హాప్స్ ఖాతాలో వేశారు. ఇక బోర్డు మీద పేరు పక్కన ఉన్న ఐబీయూ అనే అంకె చేదు లెక్క. లీటరు బీరులో హాప్స్ నుంచి దిగిన చేదు పదార్థం సుమారు ఎన్ని మిల్లీగ్రాములో అది చెబుతుంది. మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) తీపి ఎక్కువుంటే 60 ఉన్న స్టౌట్ కన్నా 40 ఉన్న పేల్ ఏలే చేదనిపించవచ్చు. అయినా ఆ అంకె చూసి ఛాతీ విరుచుకుని ఆర్డర్ చేసేవాళ్లను నిన్న ముగ్గుర్ని చూశాను.

ఇప్పుడు మీ మీద అసలు ఫిర్యాదు. మీ నాలుగు గ్లాసుల పంక్తిలో ఎప్పుడూ గట్టిగా అరిచేదే గెలుస్తుంది. రెండు గుటకలే కదా దక్కేది. రెండు గుటకల్లో నాలుకను చెంపదెబ్బ కొట్టగలిగేది తీపిదో, ఘాటుదో, కాఫీ కంపు కొట్టేదో. మొదటి చిల్లులో కూర్చున్న పిల్స్‌నర్ పాపం నోరెత్తదు. 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ మొదట కాచిన రకం అది. చల్లటి చోట వారాల తరబడి ఓపిగ్గా నిలవ ఉంచాలి, లాగర్ అన్న మాట పుట్టిందే నిలవ పెట్టడమనే జర్మన్ మాటలోంచి. పనిలో పొరపాటు జరిగితే స్టౌట్ నల్లగా కప్పేసుకుంటుంది, ఐపీఏ హాప్స్ దుప్పటి ముసుగేసుకుంటుంది. పిల్స్‌నర్‌కు ఆ సౌకర్యం లేదు. ఈస్టును తొందరపెడితే వెన్న వాసన, మరిగించడం చాలకపోతే ఉడికిన మొక్కజొన్న వాసన, వెంటనే పట్టిచ్చేస్తుంది. అంత నిష్ఠగా కాచినదాన్ని తెచ్చి మీరు నోరు పుక్కిలించుకునే నీళ్ల స్థానంలో కూర్చోబెట్టారు. మిత్రుడు దానికి 2.75 వేసి, "ఏమీ లేదు ఇందులో" అని రాశాడు.

మీ లెక్కల మాయ కూడా చెప్పాలి. మొదటి బార్లో ఇద్దరికీ కలిపి ఒక ఫ్లైట్. తృప్తి లేక రెండో బార్లో తలా ఒకటి. మూడో బార్లో కూడా తలా ఒకటి, ఆఖరి చిల్లులో 10 శాతం ఇంపీరియల్ స్టౌట్. ఆ బుడ్డి గ్లాసులో 12 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే 5 శాతం బీరు 240 మిల్లీలీటర్లతో సమానం. చూడ్డానికి మాత్రం దగ్గు మందు మూతలా ఉంటుంది. "ఎంత తాగారు?" అని ఇంట్లో అడిగితే "రుచి చూశాం అంతే" అనొచ్చు. అన్నాను. క్యాబ్ దిగి రెండు నిమిషాలు పక్కింటి తాళంలో మా తాళంచెవి తిప్పాక ఆ మాటకు విలువ లేకుండా పోయింది.

అయినా ఆ మూడో బార్‌కి వెళ్లేముందు ఒక పని చేశాను, మీకు తెలియాలి. రెండో బార్ నుంచి లేచే ముందు, మీ మిగతా గ్లాసులు పక్కకు నెట్టి, పిల్స్‌నర్ ఒక్కటే నిండు గ్లాసు చెప్పాను. పొడుగు గ్లాసు, పైన రెండు వేళ్ల నురగ. వాసన చూడలేదు, తిప్పలేదు. సగం గ్లాసు దాకా ఏమీ మాట్లాడలేదు. మిత్రుడు ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే? ఏం వచ్చింది?"

"దాహం పోయింది."

అలాంటి గడి వాడి ఫోన్‌లో లేదట.

ఇట్లు,
తమ మూడో చిల్లులో రెండో గ్లాసు పెట్టిన కస్టమర్

తా.క.: మిత్రుడు ఆ 4.25 మార్కుల్ని ఇప్పటికీ మార్చలేదు. "ఆ క్షణంలో నాకలా అనిపించింది, నిజాయితీగా రాశా" అంటున్నాడు. పొద్దున చూస్తే దాని కింద పదకొండు లైకులు. ఒకాయనకైతే మామిడితో పాటు అనాసపండు కూడా వచ్చిందట.