తలకిందుల చిలుకలు

నిమ్మలకుంట వెళ్లడం నా తప్పు కాదు. ధర్మవరంలో పెళ్లికి పోయాం, పక్కనే కదా అని ఆటో ఎక్కాం. తోలుబొమ్మలాటకు 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరది. ఒక ఇంటి ముందు ఒకాయన మేకతోలు పరిచి, సన్న ఉలితో టకటకా కొడుతూ రావణుడి కిరీటానికి చిల్లులు పెడుతున్నాడు. వెనక దీపం పెట్టి చూపించాడు. కిరీటమంతా రత్నాలే! పది నిమిషాలు నోరు తెరుచుకుని చూశాను. పదకొండో నిమిషంలో ‘ఇదేమంత కష్టం?’ అనిపించింది. మా ఇంట్లో కుళాయి విరగడానికి ముందు కూడా నాకు అచ్చం ఇలాగే అనిపించింది.

బొమ్మ జోలికి పోలేదు, అంత పొగరు లేదు. బెల్టు చాలనుకున్నాను. బెల్టు నిండా జాలీ పని, అంటే తోలుకు కన్నాలు కోసి బొమ్మ తేల్చడం. తీగలు, తీగల మధ్య చిలుకలు. బొమ్మల తోలు దీనికి పనికిరాదట. అది పదును చేసిన తోలు కాదు, చెమట తగిలితే మెత్తబడిపోతుంది. అందుకని అనంతపురం వచ్చాక పదును చేసిన గేదెతోలు పట్టీ ఒకటి కొన్నాను. ‘బెల్టుకైతే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండాల’ అన్నాడు కొట్టతను. అంత మందం కోసేసరికి నా వేళ్లు మిగలవని రెండు మిల్లీమీటర్లది తీసుకున్నాను.

మొదటి చిలుకను ఎంత శ్రద్ధగా కోశానంటే, ముక్కు, రెక్క, తోక చుట్టూ ఎక్కడా కత్తి ఎత్తలేదు. చివరి కోత కలిసిందో లేదో, చిలుక మొత్తంగా ఊడి ఒళ్లో పడింది. బెల్టులో చిలుక ఆకారంలో కన్నం మిగిలింది. జాలీ పనిలో కిటుకంతా అక్కడే ఉందని అప్పుడు తెలిసింది. ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట పక్కదాన్ని పట్టుకుని ఉండాలి. అలా ప్రతి చిలుకకూ ముక్కు దగ్గర ఒక తీగ, తోక దగ్గర ఒక తీగ వదిలి, మూడు ఆదివారాల్లో పదకొండు చిలుకలు పూర్తిచేశాను. ఊడిపడిన చిలుకను ఫ్రిజ్ మీద పెట్టాను. చీమలు కూడా పట్టించుకోలేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. తోలుబొమ్మ వెనక దీపం ఉంటుంది. బెల్టు వెనక ఉండేది బొజ్జ. కన్నాల్లోంచి రత్నాలు కనబడాలంటే అడుగున వేరే రంగేదో ఉండాలి. బీరువా అడుగున మెరూన్ రంగు గుడ్డ కనబడింది, ఎంత బాగా కుదిరిందనీ! పొడవు చాలక రెండు పట్టీలుగా చించి అతికాను. జరీ ఉన్న కొసను బకిల్ కిందకి మడిచేశాను.

కట్టుకుని అద్దం ముందు నిలబడితే చిలుకలన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. గీసేటప్పుడు బకిల్ కుడిచేతి వైపు పెట్టుకున్నాను. మగవాళ్ల బెల్టులో అది ఎడమ వైపు ఉండాలి. అటు తిప్పి కట్టేసరికి అన్నీ తలకిందులయ్యాయి.

‘‘గబ్బిలాలా?’’ అంది మా ఆవిడ.

‘‘చిలుకలు.’’

‘‘అడుగున రంగు మాత్రం బాగుందండీ. ఏంటది?’’

‘‘రెక్సిన్’’ అన్నాను.

ఇంకో చిక్కు, ప్యాంటు మీద 34 అని ఉంది కదా అని ఆ లెక్కకే కోశాను. తీరా చూస్తే చివరి చిల్లు కూడా బకిల్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని ఎండకేసి పట్టి చాలాసేపు చూశాడు.

‘‘ప్యాంటు నంబరు మన సంతోషానికి ఏస్తారు సామీ. నడుం కొలవల్ల. కాదంటే పాత బెల్టు తీసుకుని, బకిల్ కాడి నుంచి రోజూ పెట్టే చిల్లు దాకా కొలవల్ల. అయినా దీంట్లో తోలేది? అంతా కిటికీలే గదా! ఎనక ఇంకో తోలు పట్టీ ఏసి కుట్టిస్తా, ఉండు.’’

తోలేస్తే రత్నాలు పోతాయని వద్దన్నాను. ఆయన నిట్టూర్చి, కొస దాకా జరిగి ఆరెతో ఇంకో చిల్లు పొడిచిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. అది జాలి అని నాకప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. ఫాల్ కుట్టమని ఇచ్చిన ధర్మవరం చీరతో పాటు జాకెట్టు గుడ్డ కూడా ఇచ్చానని మా ఆవిడ, చీర ఒక్కటే వచ్చిందని టైలరు. నేను మా ఆవిడ పక్షమే. ‘‘ఈ టైలర్లంతా ఇంతే, గుడ్డ కనబడితే వదలరు’’ అని ఫోన్లో అతనికి వినబడేట్టుగానే అన్నాను. ఒట్టు, అప్పటికి నాకు తట్టనే లేదు.

బావమరిది గృహప్రవేశానికి చిలుకల బెల్టుతోనే వెళ్లాను, చొక్కా లోపలికి దోపి మరీ. బంతిలో కూర్చున్నాను. మొదటి ఓళిగకు బెల్టు మూలిగింది. రెండో ఓళిగ మీద నెయ్యి వేయించుకుందామని ముందుకు వంగాను. నాలుగో చిలుక మెడ దగ్గర టప్‌మంది. ప్యాంటు అంగుళం కూడా జారలేదు, అంత బిగుతు. బెల్టు మాత్రం పాములా జారి, బకిల్ వైపు కొస విడిపోయి, జరీ అంచు మిలమిలా మెరుస్తూ సాంబారు బకెట్ పక్కన పడింది.

వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె గాల్లోనే ఆగిపోయింది. వంగి, ఆ అంచును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

ఎదురు బంతిలో ఎవరో దగ్గారు. తలెత్తి చూస్తే మా టైలరు. బావమరిదికీ ఆయనే కుడతాడని నాకేం తెలుసు? విస్తరి ముందు నుంచి కదలకుండా, ఎంతో మర్యాదగా అడిగాడు:

‘‘గుడ్డ ఏమన్నా మిగిలిందా సార్?’’