‘అప్పుడప్పుడు’ అంటే ఎప్పుడండీ అసలు?

కరెంట్ పోయింది, లిఫ్ట్ ఆగింది, లోపల నేనూ మా అమ్మా. మూడో ఫ్లోర్‌కీ నాలుగో ఫ్లోర్‌కీ మధ్యలో. ఇప్పుడే బయటపడి ఇంట్లోకొచ్చి చెప్పులు కూడా విప్పకుండా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది పాతకాలం గ్రిల్ తలుపుల లిఫ్టు. ఎదురుగా స్లాబ్ అంచు, దాని మీద ఎప్పుడో పెయింటర్ తుడుచుకున్న నాలుగు వేళ్ళ మరక, సరిగ్గా నా కళ్ళ ఎత్తులో పై ఫ్లోర్ వాళ్ళ చెప్పులు. ఆ చెప్పుల తాలూకు ఆవిడే వంగి చూసి "అయ్యో, ఆగిపోయిందాండీ?" అంది. లేదండీ, ఇక్కడ వ్యూ బావుందని మేమే దిగిపోయాం. అమ్మ మాత్రం కూరగాయల సంచీ కింద పెట్టి దాని పక్కనే కూర్చుండిపోయింది, మోకాళ్ళు పట్టుకుని, ఆంజనేయ దండకం మొదలుపెట్టింది.

చివరికి లిఫ్ట్ అబ్బాయి వచ్చి దించాడు. దించి ఏమన్నాడో తెలుసా? "ఏఆర్‌డీ బ్యాటరీ వీకున్నది మేడం. అప్పుడప్పుడు పన్జేస్తది, అప్పుడప్పుడు చెయ్యది. ఏం గాదు." అదేంటో తెలియనోళ్ళకి చెప్తున్నా, కరెంట్ పోయినప్పుడు బ్యాటరీ మీద లిఫ్ట్‌ని దగ్గర్లో ఉన్న ఫ్లోర్‌కి తీసుకెళ్ళి నిలబెట్టే పెట్టె అది. దాని బతుకంతా ఆ ఒక్క పని కోసమే. అది కూడా మూడ్ బావుంటే చేస్తుందంట!

ఆ అబ్బాయిని ఏమీ అనను, పాపం జీతగాడు. అసలు మంట మా సెక్రటరీ గారి మీద. పది నిమిషాల్లో గ్రూప్‌లో మెసేజ్ పడింది, "అనుకోకుండా లిఫ్ట్‌లో చిన్న అంతరాయం ఏర్పడినది, నివాసితులు సహకరించగలరు" అని, కింద రెండు దణ్ణాలు. లోపల ఇరుక్కున్నవాళ్ళు ఇంకేం సహకరించాలండీ, ఊపిరి కొంచెం తక్కువ పీల్చుకోవాలా? అయినా ఎవరు అనుకోకుండా? నేను అనుకున్నా. మీటింగ్‌లో అందరి ముందూ చెప్పా, బ్యాటరీ మార్చండి బాబూ ఎప్పుడో ఎవరో ఇరుక్కుంటారు అని. "చూద్దామమ్మా" అన్నాడు, టీ తాగాడు. ఈయనగారు అనుకోకపోతే అది అనుకోకుండా జరిగినట్టేనా! మెయింటెనెన్స్ మాత్రం ఐదో తారీఖు దాటితే ఫైన్. నేను కూడా అడపాదడపా కడతానండీ, బ్యాంక్ యాప్ వీకున్నది, అప్పుడప్పుడు పన్జేస్తది అంటే ఊరుకుంటాడా?

గమనించండి, ఈ మాటలన్నీ పెత్తనం చేసేవాడి నోట్లోంచే వస్తాయి. అప్పుడప్పుడు, అనుకోకుండా, ఉన్నట్టుండి, ఏదో పొరపాటున. ఈ నాలుగు మాటలుంటే చాలు, చేసినోడు మాయమైపోతాడు. పనులన్నీ వాటంతట అవే జరిగిపోతుంటాయి.

మనందరం వాతావరణ శాఖని ఆడిపోసుకుంటాం గానీ వాళ్ళే వెయ్యి రెట్లు నయం. "ఒకటి రెండు చోట్ల మోస్తరు వర్షాలు" అని చదివితే నవ్వుకుంటాం కదా, ఆ ‘ఒకటి రెండు చోట్ల’కి లెక్కుంది మహాశయా. వర్షాన్ని కొలిచే కేంద్రాల్లో 25 శాతం లోపు పడితే ఆ మాట, 26 నుంచి 50 దాకా అయితే ‘కొన్ని చోట్ల’, 51 నుంచి 75 అయితే ‘చాలా చోట్ల’. ‘మోస్తరు’ అంటే 24 గంటల్లో 15.6 మిల్లీమీటర్ల నుంచి 64.4 దాకా. ఆ పైన ఒక్క పాయింటు ఎక్కువైతే ‘భారీ’. ఆకాశం నుంచి పడే నీళ్ళకే కొలతుంటే, మా సెల్లార్‌లో ఉన్న బ్యాటరీకి లేదు.

పేపర్లోళ్ళది ఇంకో రకం. ఎలక్షన్ మర్నాడు చూడండి, "చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం". రాష్ట్రమంతా కలిపి చూస్తే చెదురే, మదురే, కాదనను. తల పగిలి కుట్లు వేయించుకుని ఆస్పత్రి మంచం మీద ఆ హెడ్డింగ్ చదువుకునేవాడిని అడగండి ఎంత చెదిరిందో.

ఇంకా పెద్దోళ్ళుంటారు, వాళ్ళు ‘కాకతాళీయం’ అంటారు. స్టయిల్‌గా ఉంటుంది, ప్రెస్‌మీట్లో బావుంటుంది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలడం, అదే టైముకి తాటిపండు ఊడి పడడం, అంతే కదా అంటాం. కానీ ఆ కథ ఇంకో రకంగా కూడా చెప్తారు, ఆ పండు కాకి నెత్తినే పడుతుంది, కాకి చచ్చిపోతుంది. ఆ ముక్క ఎవడూ ఎత్తడు. దీనికి తోడు అజాకృపాణీయం అని ఇంకోటుంది, వేలాడుతున్న కత్తికి మేక వెళ్ళి మెడ గోక్కుంటుంది, తెగుతుంది. చచ్చేది ఎవరో చూశారా? కత్తి వేలాడదీసినోడి పేరు మాత్రం ఏ పండితుడూ రాయలేదు, వాడు కూడా ఏదో అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయ్యుంటాడు. మంచి జరిగేది ఒక్క ఘుణాక్షర న్యాయంలోనే, పురుగు కొయ్యని తొలుచుకుంటూ పోతే అదృష్టం బావుండి అక్షరంలా తేలుతుంది. మా అన్నయ్య ప్రేమ ఆ టైపు.

ఆగండి, అక్కడికే వస్తున్నా. లిఫ్ట్‌లో ఉండగానే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా, "అమ్మా నేనూ లిఫ్ట్‌లో ఇరుక్కున్నాం" అని. అన్నయ్య చూశాడు. నీలం టిక్కులు పడ్డాయి, నా కళ్ళతో చూశా. బయటికొచ్చాక అమ్మకి ఫోన్. "ఎందుకోనమ్మా, ఉన్నట్టుండి నువ్వు గుర్తొచ్చావు" అంట! అమ్మ ముఖం చూడాలి మీరు. దండకం చదివిన నోటితోనే, "చూశావా, వాడికి అక్కడ తెలిసిపోయిందే, పేగుబంధం అంటే అదే" అని నాకు క్లాసు. పేగుబంధం కాదే తల్లీ, వైఫై. చెప్తే నామీదే కోపం, "వాడంటే నీకు మొదట్నుంచీ పడదు" అని.

పడదు, అవును. షుగర్ మాత్రలు, కంటి డాక్టరు, బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్, మోకాళ్ళకి నూనె, ఇవన్నీ రోజువారీ సరుకు, వీటికి పేరుండదు. రోజూ పొద్దున్నే వచ్చే సూర్యుణ్ణి ఎవడు చూస్తాడు, ఎప్పుడో వచ్చే గ్రహణానికే కదా పట్టు స్నానం, విడుపు స్నానం. వాడు మూణ్ణెల్లకోసారి ఫోన్ చేస్తే "ఎంత బిజీలోనూ గుర్తు పెట్టుకుని చేశాడే" అని పక్కింటి దాకా వార్త వెళ్తుంది. నేను ఒక్కపూట మాత్ర మర్చిపోతే అది కూడా పక్కింటి దాకా వెళ్తుంది లెండి. బెంగళూరు ఏమన్నా అమెరికానా, రాత్రి బస్సెక్కితే పొద్దుటికి హైదరాబాద్.

మా వదిన ఇంకా ఘనురాలు. "ఆయన అనుకుంటూనే ఉంటారు వదినా, అనుకోకుండా ఏదో పని తగులుతుంది". అనుకుంటూ అనుకోకుండా! వ్యాకరణం కూడా సిగ్గుపడుతుంది. నాన్న ఆపరేషన్‌కి అనుకోకుండా ఆడిట్ పడింది. అదే నాన్న పోయాక, ఊళ్ళో పొలం కాగితాల మీద సంతకాలున్న రోజున మాత్రం "ఇటువైపు ఏదో పనుండి వచ్చానే" అని సరిగ్గా రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మంలో తేలాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో సొంత పెన్ను. ఆ రోజు ఆడిట్ లేదు, ట్రాఫిక్ లేదు, అన్నీ కలిసొచ్చాయి.

కామెంట్లలో "మగాళ్ళకి టెన్షన్లుంటాయండీ" అని రాయబోయేవాళ్ళు దయచేసి వేరే పోస్ట్ చూసుకోండి. మా సెక్రటరీ గారు ఇది చదువుతుంటే, బ్యాటరీ, బ్యాటరీ, బ్యాటరీ.

ఇందాక ఫోన్ పెట్టేసే ముందు అన్నయ్య అమ్మతో ఇంకో మాట కూడా అన్నాడంట, "కుదిరితే సంక్రాంతికి అనుకోకుండా దిగుతానమ్మా, సర్‌ప్రైజ్" అని. అమ్మ అప్పుడే సున్నుండలకి మినుములు లెక్కేస్తోంది. మా పొలం కౌలు డబ్బులు చేతికొచ్చేది కూడా సంక్రాంతికే. కాకతాళీయం.