పుస్తకం వెనక పేజీల్లో కొలువైన లింకు గారికి

మహారాజశ్రీ అచ్చు లింకు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. తమరు క్షేమంగా లేరన్న కబురు తెలియడానికి మాత్రం ఇవాళ మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా పట్టింది.

ఇంటర్నెట్ సంస్కృతి మీద పుస్తకం అంటే చాలు, వెనక ముప్ఫై పేజీలు తమరి కుటుంబానికి రాసిచ్చేస్తారు కదా. ముందు పేజీల్లో రచయిత ధీమా చూడాలి. తెలుగువాళ్లు నెట్‌లో మొదట ఎక్కడ పోగయ్యారు, దేనికి తిట్టుకున్నారు, ఏ మాట ఎవరు పుట్టించారు, అన్నీ తేల్చేస్తాడు. రుజువేదయ్యా అంటే ఓ బుల్లి అంకె వేసి వెనక్కి వేలు చూపిస్తాడు. వెనక్కెళ్తే తమరు. ఆవగింజంత అక్షరాల్లో, ఒకటిన్నర వరసల పొడుగున, 47వ నోటుగా. మూడో అధ్యాయం బరువంతా తమరొక్కరి భుజాల మీదే ఉంది. తీరా చూస్తే పేరు గొప్ప, ఊరు దిబ్బ.

శాసనాల మీద పుస్తకం రాసేవాడి బతుకు నయం. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి శాసనం 1163 నాటిది. అనుమానం ఉన్నవాడు బస్సెక్కి వెళ్లి చూసుకోవచ్చు. రాయి అక్కడే ఉంటుంది. దాని స్థానంలో ఆన్‌లైన్ రమ్మీ ప్రకటన వెలిసి ఉండదు. తమరి పేజీ వయసు పదిహేనేళ్లు దాటలేదు, అప్పుడే పురావస్తు శాఖ కూడా పట్టించుకోనంత పాతబడిపోయారు.

తమరొక్కరే కాదు లెండి, వంశమే అంత. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందకుండా పోయాయని అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ వాళ్లు 2024లో లెక్క తేల్చారు. జనం పేజీలు, కబుర్లు, వీడియోలు పెట్టుకున్న కొలువులూ అంతే: జియోసిటీస్ 2009లో పోయింది, ఆర్కుట్ 2014లో, వైన్ 2017లో, గూగుల్ ప్లస్ 2019లో. రచ్చబండ లాంటి తెలుగు గుంపులు కాపురమున్న యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్ 15న తలుపులేసుకుంది. పోవడం తప్పని నేననను. పోయాక కూడా సాక్షుల జాబితాలో పేరుంచుకోవడమే తప్పు.

ఇక తమరి దర్శనానికి మెట్లెన్నో మనవి చేసుకుంటాను.

తమరి విలాసం బ్లాగ్‌స్పాట్, అంటే గూగుల్ వారి బ్లాగర్‌లో రాసిన బ్లాగులుండే చోటు. ఏడాది, నెల, ఆపైన ‘బ్లాగ్’, అడ్డగీత, ‘పోస్ట్’, అండర్‌స్కోర్, ఓ అంకె. శీర్షిక మొత్తం తెలుగులోనే ఉండి ఒక్క ఇంగ్లీషు అక్షరం కూడా దొరక్కపోతే బ్లాగర్ పెట్టే పేరది. వేలాది తెలుగు టపాలు, అదే బ్లాగు పోస్టులు, ఆ ఒక్క పేరుతోనే తిరిగాయి, ఇంటిపేరే తప్ప పిలుపుపేరు లేని జనంలా. అచ్చులో వరస సరిగ్గా ఆ అడ్డగీత దగ్గర విరిగింది. మాట పట్టక విరిగినప్పుడు పేజీ పెట్టే సాఫ్ట్‌వేరు తనంతట తనే గీత వేస్తుంది కనుక, ఇదీ అలాంటిదేననుకుని తీసేసి కొడతాం. పేజీ లేదని చెప్పే అంకె వస్తుంది: 404. గీత పెట్టి కొడతాం. మళ్లీ 404. ఎందుకంటే, లింకన్నాక కింద గీత ఉండాల్సిందేనని డిజైనర్ గారు తమరి ఒళ్లంతా అండర్‌లైన్ కొట్టారు. అండర్‌స్కోర్ దాంట్లో కలిసిపోయి ఖాళీ జాగాలా కనబడుతోంది. చివర్న ఉన్న చుక్క తమరిదా, వాక్యానిదా అన్నది ఇంకో పంచాయితీ.

లింకుని వరస చివర ఎలా విరవాలో అచ్చు పద్ధతులు చెప్పే షికాగో మాన్యువల్ ఎప్పుడో చెప్పింది. కొత్త గీత చేర్చకూడదు, ఉన్న గీతకి ముందే విరవాలి, అప్పుడు గీత కింది వరసకి దిగుతుంది, చూసేవాడికి అది లింకుదేనని తెలుస్తుంది. అంతే విద్య. మన డీటీపీ వాళ్లకది చెప్పినవాడు లేడు. వాళ్లననీ లాభం లేదు. అచ్చు కోసం యూనికోడ్ తెలుగుని పాత పద్ధతి అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఇంగ్లీషు ముక్కని విడిగా పట్టుకోకపోతే తమరు ఏకంగా ‘ష్ట్రజ్ఞౌ’ లాంటి అవతారమెత్తుతారు. ప్రూఫు దిద్దేవాళ్లు దాని జోలికి పోరు. ఏదో సాంకేతికం కాబోలనుకుని గౌరవంగా పేజీ తిప్పేస్తారు.

వర్డ్‌ప్రెస్ అనే ఇంకో బ్లాగుల వేదికలో ఉండే తమ దాయాదులది మరో తద్దినం. బ్రౌజర్ పైపట్టీలో నిండుగా తెలుగు కనిపిస్తుంది. కాపీ కొట్టి అతికిస్తే ఒక్కో అక్షరం మూడు బైట్లుగా, బైటుకి మూడు గుర్తుల చొప్పున విడిపోతుంది. ‘క’ అంటే శాతం ఈ0 శాతం బీ0 శాతం 95, మొత్తం తొమ్మిది గుర్తులు. ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాట గుణింతాలతో కలిపి 54. టపా పేరుని 200 గుర్తుల దగ్గర కత్తిరించేస్తారు కాబట్టి నాలుగు మాటలు దాటకముందే తల తెగుతుంది. అచ్చులో మూడు వరసలు నిండా శాతం గుర్తులే, చిల్లర కొట్టు వడ్డీ లెక్కలా. కాగితం చూసి దాన్ని టైపు కొట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ సంగతి అచ్చేసినవాళ్లకీ తెలుసు.

పొట్టి లింకులు పెడితే పోలా అన్నారు. పెట్టారు. గూగుల్ తన పొట్టి లింకుల దుకాణానికి 2019లో కొత్త బేరాలు ఆపేసింది. 2025 ఆగస్టు 25 తర్వాత పాతవీ పనిచెయ్యవంది. చివరి నిమిషంలో మనసు కరిగి, 2024 చివర్లో ఎవరో ఒకరు నొక్కినవాటిని మాత్రం వదిలేస్తామంది. బీరువాలో నిద్రపోతున్న పుస్తకంలోని లింకుని ఎవడు నొక్కుతాడండీ?

క్యూఆర్ కోడ్ అన్నారు తర్వాత. నిజంగానే గొప్ప వస్తువు. చెరిగిన ముక్కని తనే పూరించుకునే దిద్దుబాటు పై స్థాయిలో పెట్టి చేస్తే దాదాపు 30 శాతం చెదలు తిన్నా ఫోను చదివేస్తుంది. చదివి చచ్చిన పేజీకి భద్రంగా తీసుకెళ్తుంది. అదీ చవగ్గా చేయించింది అయితే అందులో అసలు విలాసమే ఉండదు, కోడు తయారుచేసినవాళ్ల దారి మళ్లింపు ఉంటుంది. చందా కట్టడం ఆగిందా, దారీ ఆగింది.

చావుల్లో కూడా తమరికి రకాలున్నాయి. 404 నిజాయితీగల చావు. పోయానని చెప్పి పోతుంది. హోంపేజీకి నెట్టేసి అంతా బాగున్నట్టు నవ్వేది ఇంకో రకం. దాన్ని లింకులు సరిచూసే సాఫ్ట్‌వేరు కూడా పట్టలేదు, అటునుంచి 200, అంటే అంతా సవ్యమే అనే జవాబొస్తుంది కాబట్టి. డొమైన్ గడువు తీరి ఎవడో కొనుక్కుని బెట్టింగు యాప్ నడపడం మూడోది. పేజీ ఉండి, లోపల రాత మారిపోవడం నాలుగోది. అన్నిట్లోకీ అదే నీచం, చదివేవాడికి అనుమానం కూడా రాదు.

సరే, గీత, అండర్‌స్కోర్ అన్నీ దిద్దుకుని వస్తే తమరి చివర డాట్ ఇన్. 2012లో గూగుల్ మన దేశంలో చూసేవాళ్లని డాట్ కామ్ నుంచి డాట్ ఇన్‌కి మళ్లించింది. 2020లో ఆ డాట్ ఇన్ పేరు చెయ్యిజారి పరాయివాళ్ల పాలైంది. రచయిత తన తెరమీద కనిపించినదాన్ని కనిపించినట్టు కాపీ కొట్టాడు. ఇన్ తీసి కామ్ పెడితే చాలా పాత టపాలు ఇవాళ్టికీ తెరుచుకుంటాయి. తమరూ తెరుచుకున్నారు. లోపల ఒకటే వాక్యం: ఈ బ్లాగు ఆహ్వానం ఉన్న పాఠకులకు మాత్రమే.

ఇక మర్యాద నా వల్ల కాదు. విను.

నిన్ను అక్కడ నిలబెట్టినవాడికి ఒక్క నిమిషం పని చెయ్యడం బరువైంది. వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ అని ఓ గడి ఉంటుంది. విలాసం అతికించి నొక్కాలి. నకలు తీసి 14 అంకెల ముద్ర కొడుతుంది: ఏడాదికి నాలుగు, నెలకి రెండు, తేదీకి రెండు, గంట, నిమిషం, సెకనులకి రెండేసి. పైసా ఖర్చు లేదు. ఆ నకలు విలాసం నీ పక్కన వేస్తే ఇవాళ నా మూడున్నర గంటలు మిగిలేవి. దాన్నీ నమ్మలేమంటావా? ఒప్పుకుంటా. 2017 ఆగస్టులో హిందీ సినిమాల పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వు పుణ్యమాని మన దేశంలో ఆ ఆర్కైవే తెరుచుకోలేదు. 2024 అక్టోబర్‌లో హ్యాకర్ల దెబ్బకి కొన్నాళ్లు పడకేసింది. అందుకే నీతోపాటు టపా శీర్షిక, రాసినవాళ్లు అక్కడ పెట్టుకున్న పేరు, తేదీ, వాదనకి ఆధారమైన ఆ రెండు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు వెయ్యాలి. శీర్షిక ఉంటే నువ్వు పోయినా ఎక్కడో నకలు వెతుక్కుంటాం. నీ పక్కన ఏముంది? ‘చూసిన తేదీ: 2016 మార్చి 9’. నువ్వు చూశావయ్యా, సంతోషం. నేను చూడొద్దా? నేను చూడలేనిది సాక్ష్యమెలా అవుతుంది? మూడో అధ్యాయాన్ని నీ మాట మీద నమ్మమంటావా? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమైనా నయం, అక్కడ ఒకప్పుడు చెట్టుందని ఊళ్లో ఎవరో ఒకరు చెప్తారు.

మన్నించండి, గొంతు పెరిగింది. మళ్లీ తమరి దగ్గరికే వస్తున్నాను.

చివరికి తమరి విలాసాన్నే వేబ్యాక్‌లో అతికించి చూస్తే ఒకే ఒక్క నకలు దొరికింది. పక్కపట్టీలో పనిచెయ్యని గడియారం, హాజరీ లెక్కపెట్టే బొమ్మ, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో ఈ బ్లాగు ఉందని చెప్పే బిళ్ల. చూసి ఒక్క క్షణం కోపం కూడా పోయిన మాట వాస్తవం. ఇంత వెతికిన 47వ నోటు, ఒక అధ్యాయాన్ని మోసిన టపా, మూడు వాక్యాలు. మూడోది ఇది: “ఈ గొడవ పూర్తి వివరాలు ఇక్కడ.”

‘ఇక్కడ’ అన్న మాట నీలంగా ఉంది, కింద గీతతో. నొక్కాను. దానికి నకలు లేదు.

ఆ ఇక్కడ ఎక్కడుందో తమరికేమైనా తెలిస్తే తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
పేజీ సంఖ్య 212 దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్న
తమ విధేయ పాఠకుడు