జెన్‌సిమ్ ఒక్కటే చాలదు

"లిస్ప్ మాక్రో అంటే లిస్టు తీసుకుని లిస్టు ఇచ్చే ఫంక్షన్, అంతే. పేర్లు కలవకుండా జెన్‌సిమ్ ఉంది. లైన్ నంబర్లు కావాలంటే పక్కన ఓ హ్యాష్ టేబుల్ పెట్టుకుంటే సరి. స్కీమ్, రాకెట్ వాళ్ల సింటాక్స్ ఆబ్జెక్టులు లేనిపోని బరువు." లిస్ప్ ప్రస్తావన వచ్చిన చోటల్లా ఈ మాట వినిపిస్తోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్నే పట్టుకుని మొదలుపెడుతున్నారు కాబట్టి జవాబు చెప్పాలనిపించింది. స్కీమ్, రాకెట్ లిస్ప్ కుటుంబంలోని ప్రోగ్రామింగ్ భాషలు. మాక్రో అంటే కోడ్ నడిచేలోపే దాన్ని వేరే కోడ్‌గా విస్తరించేది. జెన్‌సిమ్ ఎవరూ వాడని కొత్త పేరు పుట్టించే ఫంక్షన్. సింటాక్స్ ఆబ్జెక్టు అంటే కోడ్ ముక్కతోపాటు దాని పేర్లు ఎక్కడివో, అది ఏ లైనులోదో కూడా మోసుకెళ్లేది. ఎర్రర్ ఎక్కడుందో చూపించడానికే ఆ లైన్ నంబర్లు.

ముందు జెన్‌సిమ్ సంగతి. మాక్రో తన కోసం పుట్టించుకున్న తాత్కాలిక వేరియబుల్, వాడేవాళ్ల వేరియబుల్‌ను కప్పేయకుండా అది కాపాడుతుంది. నిజమే. కానీ దెబ్బ రెండో వైపు నుంచీ తగులుతుంది. స్కీమ్‌లోలాగా ఫంక్షన్లకూ వేరియబుళ్లకూ పేర్లు ఒకే చోట ఉండే భాష, మాక్రోలు ఉత్త లిస్టులతో నడుస్తున్నాయి అనుకోండి. నా మాక్రో విస్తరించి 'లిస్ట్' అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. మీరు మీ పారామీటర్‌కు 'లిస్ట్' అని పేరు పెట్టారు, అందరం పెట్టే పేరే. ఇప్పుడు నా మాక్రో పిలిచేది మీ డేటాను. "ఇది ఫంక్షన్ కాదు" అని ఎర్రర్ వస్తుంది, అదీ మీరు రాయని పిలుపు మీద. జెన్‌సిమ్‌తో ఆ పేరు మారుద్దామా అంటే అసలు ఫంక్షనే దొరకదు. ఆ పేరు ఎక్కడ రాసిందో గుర్తుండాలి, వేరే దారి లేదు. ఊళ్లో నలుగురు శ్రీనులుంటే ఇంటిపేరు అడగమా?

కామన్ లిస్ప్‌లో ఈ బాధ తక్కువే, ఒప్పుకుంటాను. ఫంక్షన్ల పేర్లకు వేరే చోటు ఉంది, పేర్లను గుంపులుగా విడదీసే ప్యాకేజీలున్నాయి. అయినా మీ ప్యాకేజీలోని మీ సొంత ఫంక్షన్ పేరునే ఎవరైనా తమ లోకల్ ఫంక్షన్‌కు పెట్టుకుంటే మళ్లీ మొదటికే. క్లోజర్ (Clojure) అనే లిస్ప్ భాష అయితే బ్యాక్‌కోట్‌లోని (మాక్రో ఇచ్చే కోడ్ అచ్చులోని) పేర్లకు నేమ్‌స్పేస్‌ను, అంటే ఓ ఇంటిపేరును, తగిలిస్తుంది. పేరొక్కటే చాలదని తెలిసే కదా!

ఇక హ్యాష్ టేబుల్. లిస్టును కట్టే జతలకు (cons) పనిచేస్తుంది, ప్రతి జతా వేరే వస్తువు కాబట్టి. సింబల్, అంటే కోడ్‌లోని పేరు, అలా కాదు. 5వ లైనులోని 'ఎక్స్', 50వ లైనులోని 'ఎక్స్' మెమరీలో ఒకటే. టేబుల్‌లో దేని లైను రాస్తారు? పైగా మాక్రో లిస్టును విప్పి మళ్లీ కడితే పాత జతలు పోతాయి, వాటితోపాటు నంబర్లూ. ఈమాక్స్ ఎడిటర్‌లోని లిస్ప్ కంపైలర్ హెచ్చరికలు ఏళ్ల తరబడి తప్పు లైన్లు చూపించింది ఇందుకే. చివరికి 2023లో వచ్చిన 29వ వెర్షన్‌లో, కంపైల్ చేసేటప్పుడు సింబల్‌కే దాని చోటును అంటించారు.

బరువు అంటారా? 1986లో కోల్‌బెకర్ బృందం హైజీన్‌కు (మాక్రో పేర్లు, వాడేవాళ్ల పేర్లు కలవకుండా చూడడానికి) ఇచ్చిన పద్ధతి నిజంగానే నెమ్మది. 1992లో డిబ్విగ్, హీబ్, బ్రుగెమన్ అనే పరిశోధకులు ఆ అదనపు ఖర్చును స్థిరంగా ఉంచి, సోర్సు చోటునూ అందులోనే కలిపారు. హైజీన్ చేతులు కట్టేస్తుందని కూడా అంటారు. ఆ మాటా నిలవదు, కావాలని వాడేవాళ్ల పేరును పట్టుకోవాలంటే రాకెట్‌లో దానికి ఫంక్షన్ ఉంది.

అన్నీ వాటంతటవే రావు, అదీ చెప్పాలి. రాకెట్‌లో టెంప్లేట్‌తో (కోడ్ అచ్చుతో) కట్టిన కోడ్‌కు మామూలుగా మాక్రో ఫైలు చోటే వస్తుంది. వాడినవాళ్ల లైను చూపించాలంటే రాసేవాళ్లే 'సింటాక్స్/లోక్' వాడాలి. కానీ రాకెట్ ఎడిటరైన డాక్టర్ రాకెట్‌లో ఒక వేరియబుల్ మీద మౌస్ పెట్టి చూడండి. మధ్యలో ఎన్ని మాక్రోలున్నా, బాణం సరిగ్గా అది పుట్టిన చోటికే వెళ్తుంది.